బెంగళూరులో కారు ఖర్చు: లెక్క కట్టే పద్ధతి, తగ్గించే దారి

"అన్నా, ఇక్కడ కారు పెట్టుకుంటే నెలకు ఎంతవుతుంది?" మారతహళ్లి, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మనవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఇది. మామూలుగా వినిపించే జవాబు ఈఎంఐ, పెట్రోలు కలిపిన మొత్తం. ఆ లెక్కతో ఏ నిర్ణయమూ సరిగ్గా తీసుకోలేం. అప్పు తీరాక కారు ఉచితంగా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది, అప్పు ఉన్నంతకాలం పెట్రోలే శత్రువులా కనిపిస్తుంది.

మీకు రెండు అంకెలు కావాలి. ఒకటి, కారు ఉంచుకోవాలా వద్దా అన్నది తేల్చేది. రెండోది, ఈరోజు కారు బయటికి తీయాలా వద్దా అన్నది తేల్చేది. ఈ రెంటినీ కలిపేసుకున్న చోటే డబ్బు పోతుంది. ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు కేటాయిస్తే రెండూ చేతికొస్తాయి.

1. కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- కారు కొన్న బిల్లు (ఆన్‌రోడ్ ధర, అంటే పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు అన్నీ కలిపినది)
- లోన్ స్టేట్‌మెంట్: ఇప్పటిదాకా కట్టిన వడ్డీ, ఇంకా కట్టాల్సిన వడ్డీ
- గత రెండేళ్ల ఇన్సూరెన్సు పాలసీలు
- సర్వీసు బిల్లులన్నీ. బయట మెకానిక్ దగ్గర చేయించినవి కూడా
- ఫాస్టాగ్ ఖాతా వివరాలు
- ఇప్పుడు ఓడోమీటర్‌లో ఉన్న అంకె, కొన్న తేదీ

బిల్లు దొరక్కపోతే అక్కడే ఆగిపోకండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వెతికితే దాదాపు అన్నీ దొరుకుతాయి. నగదు ఇచ్చిన పంచర్లు, వాటర్ వాష్‌లకు ఒక అంచనా వేసుకోండి.

2. మొదటి అంకె: కదలకపోయినా పడే ఖర్చు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇవి నేను లెక్క కోసం పెట్టుకున్న అంకెలు, వాటి చోట మీవి వేసుకోండి.

ఆన్‌రోడ్ ధర 11 లక్షలు. ఏడేళ్లు నడిపి 4 లక్షలకు అమ్ముతామనుకుందాం. పోయిన విలువ 7 లక్షలు, నెలకు 8,333 రూపాయలు. ఈ ఖర్చుకు బిల్లు రాదు, మెసేజ్ రాదు. అందుకే ఎవరూ లెక్కలో వేయరు. కానీ ఈ లెక్కలో నిలబడి ఉన్నా పడే ఖర్చుల్లో అన్నిటికంటే పెద్దది ఇదే.

ఇక అప్పు. 8 లక్షలు, 9 శాతం వడ్డీ, 5 ఏళ్లు అంటే ఈఎంఐ సుమారు 16,600. అందులో అసలు భాగం ఖర్చు కాదు, అది కారు విలువే. వడ్డీ మాత్రమే ఖర్చు. అయిదేళ్లకు కలిపి దాదాపు 1,96,000 అవుతుంది. ఏడేళ్లకు పంచితే నెలకు 2,340.

ఇన్సూరెన్సు సగటున ఏడాదికి 24,000 అనుకుంటే నెలకు 2,000. రోజూ పొద్దున కారు తుడిచే అబ్బాయికి 600.

మొత్తం నెలకు 13,270 రూపాయల దాకా వచ్చింది. తాళం వేసి బేస్‌మెంట్‌లో వదిలేసినా ఇది పడుతూనే ఉంటుంది. పార్కింగుకు అద్దె కట్టేవాళ్లు దాన్నీ ఇక్కడే కలపాలి.

3. రెండో అంకె: కదిలితే పడే ఖర్చు

ఇదే కారు నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం.

- పెట్రోలు: ఊళ్లో లీటరుకు 12 కిలోమీటర్లు వస్తే 83 లీటర్లు పైచిలుకు. లీటరు 103 చొప్పున 8,580. మీ బంకులో ఇవాళ్టి ధర వేసుకోండి.
- సర్వీసు, టైర్లు, బ్యాటరీ: సర్వీసుకు ఏడాదికి 10,000, నాలుగు టైర్లు 22,000, 45,000 కిలోమీటర్లకోసారి, బ్యాటరీ 5,500, నాలుగేళ్లకోసారి. అన్నీ కలిపి నెలకు 1,450.
- టోలు, బయట పార్కింగు: 700.

మొత్తం 10,730. అంటే కిలోమీటరుకు 10 రూపాయల 70 పైసలు. రెండు అంకెలూ కలిపితే నెలకు 24,000, కిలోమీటరుకు 24 రూపాయలు. అందులో పెట్రోలు వాటా మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే.

ఇప్పుడు వీటిని వాడే తీరు చూడండి. "మానేసి క్యాబ్‌లో తిరుగుదామా" అన్న ప్రశ్నకు 24,000 పెట్టి చూడాలి. "ఇవాళ మెట్రోలో వెళ్దామా" అన్న ప్రశ్నకు కిలోమీటరుకు 10.70 పెట్టి చూడాలి. కారు ఇంట్లో వదిలిన రోజున మీకు మిగిలేది ఆ 10.70 మాత్రమే. మిగతా 13 రూపాయలు ఎలాగూ పోయాయి.

నెలకు 400 కిలోమీటర్లే తిరిగే కుటుంబానికి ఇదే కారు కిలోమీటరుకు 44 రూపాయల దాకా పడుతుంది. అలాంటి ఇంట్లో మైలేజీ గురించి తలబద్దలు కొట్టుకోవడం కంటే అసలు ఆ కారు అవసరమా అని ఆలోచించడం మేలు.

4. అసలు మైలేజీ కొలవండి

షోరూములో చెప్పే ఏఆర్ఏఐ (వాహనాలను పరీక్షించే సంస్థ) మైలేజీ ప్రయోగశాలలో కొలిచినది. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో అది రాదు. డ్యాష్‌బోర్డు మీద కనిపించే సగటు కూడా చాలా కార్లలో కాస్త ఎక్కువే చూపిస్తుంది. నమ్మదగినది ట్యాంకు నింపి చూసే పద్ధతి ఒక్కటే.

1. ట్యాంకు నింపించండి. గన్ మొదటిసారి టక్‌మని ఆగగానే ఆపమనండి. "రౌండ్ ఫిగర్ చేద్దాం సార్" అంటే ఒప్పుకోవద్దు.
2. ట్రిప్ మీటర్ సున్నా చేయండి.
3. మామూలుగా తిరగండి. పావు ట్యాంకు మిగిలేదాకా మళ్లీ పోయించవద్దు.
4. అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర మళ్లీ మొదటి కట్ దాకా నింపండి.
5. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి.
6. మూడుసార్లు చేసి సగటు తీయండి.

ఒక్కసారి కొలిచి మెకానిక్ దగ్గరికి పరుగెత్తడం అందరూ చేసే పొరపాటు. ఒక వారం వానలు పడి ఔటర్ రింగ్ రోడ్డు స్తంభిస్తే చాలు, 12 కాస్తా 9 అవుతుంది. అది ఇంజన్ తప్పు కాదు. ఊరి ప్రయాణం మైలేజీని విడిగా రాసుకోండి, సిటీ లెక్కలో కలిపితే రెండూ పనికిరావు.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో కంటే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజీ కొద్దిగా తగ్గడం సహజం. పాత కారైతే ఈ20కి, అంటే ఈ 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు, సరిపోతుందో లేదో యూజర్ మాన్యువల్‌లో చూసుకోండి. మాన్యువల్ అడగకపోతే ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోయించినందువల్ల ఒరిగేదేమీ లేదు.

5. పెట్రోలు తగ్గించే పనులు, ఈ వరసలోనే

వరస ఎందుకంటే, పైనున్నవాటికి ఖర్చు లేదు, ఫలితం ఎక్కువ.

బయల్దేరే వేళ. బెంగళూరులో పెట్రోలు తాగేది దూరం కాదు, నిలబడటం. చిన్న పెట్రోలు కారు ఏసీ వేసుకుని నిలబడి ఉంటే గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా కాలుతుంది. ఆఫీసు ఒప్పుకుంటే బయల్దేరే వేళను గంట ముందుకు జరిపి, పైన చెప్పినట్టు మూడు ట్యాంకుల మైలేజీ కొలిచి చూడండి. నాకు ఇంతకు మించిన ఉపాయం దొరకలేదు.

కాలు. ముందు బండి బంపరుకు అతుక్కుని వెళ్తే ప్రతి రెండు నిమిషాలకూ బ్రేకు, మళ్లీ యాక్సిలరేటర్. పెట్రోలు పోసి తెచ్చుకున్న వేగాన్ని బ్రేకు వేసి చంపుకోవడమే అది. రెండు కార్ల ఖాళీ వదలండి. ఎవరో ఒకరు మధ్యలో దూరతారు, దూరనివ్వండి. ముందున్నవాళ్ల బ్రేకు లైట్లు వెలగగానే యాక్సిలరేటర్ వదిలేస్తే చాలాసార్లు బ్రేకు తొక్కే పనే ఉండదు.

న్యూట్రల్ అపోహ. ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. ఇప్పటి ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి కాలుతూనే ఉండాలి. పైగా ఇంజన్ పట్టు ఉండదు, బ్రేకుల మీద భారమంతా పడుతుంది. గేరులోనే దిగండి.

హాఫ్ క్లచ్. నా మొదటి కారు క్లచ్ ప్లేటు 38,000 కిలోమీటర్లకే పోయింది. ఏటవాలు మీద ట్రాఫిక్‌లో బ్రేకు వేయకుండా క్లచ్ మీదే బండిని నిలబెట్టే అలవాటు వల్ల అది అరిగిపోయిందని మెకానిక్ విప్పి చూపించాడు. ఆగినప్పుడు హ్యాండ్‌బ్రేకు వేయండి. పాకుతూ కదిలే ట్రాఫిక్‌లో ప్రతి అడుగుకూ కదలకుండా, కాస్త ఖాళీ ఏర్పడ్డాక ఒకేసారి ముందుకు వెళ్లండి. కొత్తది కొనేటప్పుడు బెంగళూరులో రోజూ నడిపేవాళ్లకు నేను ఆటోమేటిక్ కొనమనే చెప్తాను. ధర ఎక్కువైనా మోకాలికి, క్లచ్‌కు మంచిది.

గాలి. పదిహేను రోజులకోసారి, పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు. ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు తీస్తే పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. పది కిలోమీటర్లు నడిపాక కొలిస్తే వేడికి ఎక్కువ చూపిస్తుంది, సరిపోయిందనుకుని తక్కువ గాలితో తిరుగుతుంటాం. స్టెప్నీని మరవద్దు.

బరువు. సంక్రాంతికి ఊరెళ్లి తెచ్చిన బియ్యం బస్తా ఉగాది దాకా డిక్కీలో ఉంటే అదీ ఖర్చే. రూఫ్ క్యారియర్ వాడనప్పుడు విప్పేయండి. బరువు కంటే గాలిని అడ్డుకోవడం వల్ల హైవే మీద నష్టం ఎక్కువ.

ఏసీ. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పూట ఏసీ అవసరం చాలా రోజులు ఉండదు. దుమ్ము, పొగ ఉన్నచోట మాత్రం వేసుకోండి. ఆరోగ్యం చెడగొట్టుకుని మిగిల్చే వంద రూపాయలు మనకొద్దు.

6. రోజూ కారా, మెట్రోనా

ఆఫీసు 14 కిలోమీటర్లు అనుకోండి. రానూపోనూ 28. కదిలితే పడే ఖర్చు లెక్కన కారులో రోజుకు 300 రూపాయలు.

2025 ఫిబ్రవరిలో పెంచిన పట్టిక ప్రకారం నమ్మ మెట్రోలో 10 నుంచి 15 కిలోమీటర్ల దూరానికి 60, గరిష్ఠంగా 90. స్మార్ట్ కార్డుకు 5 శాతం తగ్గింపు. రానూపోనూ 114. స్టేషన్ నుంచి ఆఫీసుకు రెండు కిలోమీటర్ల లోపు ఆటో మీటరు ధర 2025 ఆగస్టు నుంచి 36, రెండుసార్లకు 72. మొత్తం 186. ప్రయాణానికి ముందు అప్పటి ధరలు ఒకసారి సరిచూసుకోండి.

ఒక్కరైతే మెట్రోలో రోజుకు 114 మిగులు, నెలకు 20 రోజులకు 2,280. భార్యాభర్తలిద్దరూ ఒకే దారిలో వెళ్తే ఆటో ఖర్చు ఒకటే కాబట్టి మెట్రోలో 300 అవుతుంది, అంటే కారుతో సమానం. అప్పుడు నిర్ణయించేది డబ్బు కాదు, సమయం. ముగ్గురుంటే కారే చవక.

ఒకే అపార్ట్‌మెంట్ నుంచి ఒకే టెక్ పార్కుకు వెళ్లేవాళ్లు వారానికొకరు చొప్పున వంతులేసుకుని కారు తీయండి. డబ్బు చేతులు మారనవసరం లేదు, లెక్కల తగాదా రాదు.

పర్పుల్ లైను చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా, 2025 ఆగస్టులో మొదలైన ఎల్లో లైను ఆర్.వి.రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా ఉన్నాయి. ఇల్లు మారే ఆలోచన ఉంటే స్టేషన్‌కు నడిచే దూరంలో అద్దె రెండు వేలు ఎక్కువైనా ఈ లెక్కలో వేసి చూడండి.

బీఎంటీసీ మామూలు బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉంది, అయితే కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు ఉండాలి. ఆధార్‌లో ఇంకా అనంతపురమో గుంటూరో ఉంటే టికెట్ కొనాల్సిందే. ఇక్కడే స్థిరపడినవాళ్లు చిరునామా మార్పించుకోండి.

ఊరి ప్రయాణానికీ ఇదే సూత్రం. హైదరాబాదు సుమారు 570 కిలోమీటర్లు. హైవే మీద లీటరుకు 16 వస్తే ఒకవైపు పెట్రోలే 3,670. ఒక్కరే అయితే బస్సో రైలో నయం. నలుగురుంటే కారు. తరచూ వెళ్లేవాళ్లు 2025 ఆగస్టులో 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసు చూసుకోండి. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. అది జాతీయ రహదారుల టోళ్లకే, ప్రైవేటు టోలు రోడ్డయిన నైస్ రోడ్డుకు పనికిరాదు.

7. ఇన్సూరెన్సులో జాగ్రత్తలు

థర్డ్ పార్టీ (మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ప్రీమియం ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. తేడా ఉండేది ఓన్ డ్యామేజ్‌లో, అంటే మన కారుకు జరిగే నష్టానికి కట్టే భాగంలో. షోరూమువాళ్లు చెప్పిన మొత్తం ఆఖరి మాట కాదు, గడువుకు రెండు వారాల ముందే మూడు చోట్ల ధర అడగండి.

నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 20, 25, 35, 45, 50 శాతంగా ఏటా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడిపోతుంది. బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 14,000 అనుకోండి. మీరు 50 శాతం మెట్టు మీద ఉన్నారు. 6,000 బంపరు దెబ్బకు క్లెయిమ్ చేస్తే, మళ్లీ ఆ మెట్టు ఎక్కేలోపు పోగొట్టుకునేది, ప్రీమియం మారదనుకుంటే, 17,500. చిన్న దెబ్బలు చేతి డబ్బుతోనే బాగుచేయించుకోండి. గడువు దాటి 90 రోజులలోపు రెన్యూ చేయకపోయినా బోనస్ పోతుంది.

2022 సెప్టెంబరు వానలకు ఔటర్ రింగ్ రోడ్డు, బెళ్లందూరు ఎలా మునిగాయో చూశాం. ఇంజన్‌లోకి నీళ్లు పోతే మామూలు పాలసీలో పరిహారం దొరకడం కష్టం. బేస్‌మెంట్ పార్కింగు ఉన్నవాళ్లు ఇలాంటి నష్టానికి పాలసీతో పాటు అదనంగా కొనే ఇంజన్ ప్రొటెక్ట్ తీసుకోండి. నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయవద్దు. తోయించండి, టోయింగ్ పిలిపించండి.

8. సర్వీసు బిల్లు

వెళ్లేముందు మాన్యువల్‌లో ఆ కిలోమీటర్లకు ఏమేం మార్చాలో ఫోటో తీసుకోండి. కౌంటర్ దగ్గర చెప్పే ఇంజన్ ఫ్లష్, డీకార్బనైజింగ్, కోటింగులు ఆ పట్టికలో లేకపోతే వద్దనండి. రాసిచ్చిన ఎస్టిమేటు మీద సంతకం పెట్టేముందు ప్రతి వరుసా చదవండి. మార్చిన పాత పార్టు చూపించమని ముందే చెప్పండి. ఆయిల్ గ్రేడు విషయంలో మాత్రం పైసా తగ్గించవద్దు.

9. ఏపీ, టీజీ నంబరు బండి తెచ్చుకున్నవాళ్లకు

మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. వరస ఇది:

1. లోన్ ఉంటే బ్యాంకు ఎన్వోసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం).
2. సొంత ఊరి ఆర్టీవో నుంచి ఎన్వోసీ, ఫారం 28.
3. ఇక్కడి ఆర్టీవోలో ఫారం 27తో దరఖాస్తు, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్.
4. కొత్త ఆర్సీ వచ్చాక పాత రాష్ట్రంలో మిగిలిన పన్ను వాపసుకు దరఖాస్తు.
5. ఇన్సూరెన్సు, ఫాస్టాగ్‌లలో నంబరు మార్పు.

నాలుగోది చాలామంది వదిలేస్తారు. పాత పన్ను రసీదు లేకుండా అది కదలదు, కాబట్టి మొదటి రోజే వెతికి పెట్టుకోండి. బండిని ఇక్కడికి తెచ్చిన తేదీకి రుజువుగా టోలు రసీదో ఫాస్టాగ్ వివరమో దాచండి.

10. కొత్తది కొనబోతుంటే

కర్ణాటకలో లైఫ్ ట్యాక్స్ 5 నుంచి 10 లక్షల ధరకు 14 శాతం, 10 నుంచి 20 లక్షలకు 17 శాతం, దాని మీద సెస్సు. 9.95 లక్షల మోడలుకూ 10.05 లక్షల మోడలుకూ ధరలో తేడా పది వేలే, పన్నులో సుమారు 35,000. సన్‌రూఫ్ కోసం ఆ గీత దాటుతున్నారేమో చూసుకోండి.

ఎలక్ట్రిక్ గురించి: 1,000 కిలోమీటర్లకు ఛార్జింగ్ నష్టంతో కలిపి 150 యూనిట్లు, యూనిట్ 7 చొప్పున 1,050. పెట్రోలుతో పోలిస్తే నెలకు 7,500 మిగులు. ధరలో తేడా 3.5 లక్షలైతే నాలుగేళ్లలో తిరిగొస్తుంది. నెలకు 500 కిలోమీటర్లే తిరిగితే ఎనిమిదేళ్లు. ఇదంతా ఇంట్లో ఛార్జింగ్ ఉంటేనే. కాబట్టి బుకింగ్ కంటే ముందు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

11. అమ్మేటప్పుడు

- ఫారం 29, 30 మీద సంతకాలు, కొన్నవారి గుర్తింపు కార్డు కాపీ, తేదీ, సమయంతో డెలివరీ పత్రం.
- ఆర్సీ పేరు మారిందా అని పరివాహన్ సైట్‌లో మీరే చూడండి. మారేదాకా ప్రమాదం జరిగినా, చలానా వచ్చినా మీ పేరు మీదే.
- నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మీది. కంపెనీ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే కొత్త కారుకు వాడుకోవచ్చు.
- ఫాస్టాగ్‌ను బ్యాంకులో మూసివేయించి, అద్దం మీది స్టిక్కరు మీ చేత్తోనే పీకేసి తాళాలివ్వండి.